చావులేనివాళ్ళకీ పొద్దుపోవాలి

రెండేళ్ళ క్రితం ఒక అర్ధరాత్రి మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపాడు. మంచులో నడుస్తున్న మనిషి, ఒళ్ళంతా మంటలు. కింద ఒక్క ముక్క: "అన్నయ్యా, హీరో పేరు చూడు." హీరో పేరు అగ్ని. మన అగ్నే.

నాకు 'ఫైర్ పంచ్' అలా అంటుకుంది. రాసి గీసినవాడు తత్సుకి ఫుజిమోతో. తర్వాత 'చైన్‌సా మ్యాన్'తో లోకమంతా తెలిసింది ఆయనే. ఈ మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, 2016 ఏప్రిల్ నుంచి 2018 జనవరి దాకా జపాన్‌లో షోనెన్ జంప్ ప్లస్ అనే యాప్‌లో వచ్చింది. మొత్తం ఎనిమిది వాల్యూములు. చదవమని అందరికీ చెప్పను. ఇందులో హింస మామూలుగా లేదు, ఆడవాళ్ళ మీద జరిగేది మరీ ఎక్కువ. మా వాడికి నచ్చిందంటే వాడి వయసు అలాంటిది. నాకూ నచ్చింది మరి, నాకే సాకూ లేదు.

ఆ రాత్రి మొదలైన వాదన మా ఇద్దరికీ ఇంకా తెగలేదు. వాడనేది ఒక్కటే: "లోకం నాశనమయ్యాక చావు లేకుండా మిగిలిపోయినవాడు బతకడానికి ఒక లక్ష్యం వెతుక్కుంటాడు. ఈ కథలన్నీ అదే." చాలామంది అనేదీ అదే. నేననేది వేరు. లక్ష్యం అనేది చచ్చేవాళ్ళ సరుకు. చావులేనివాడికి అది అంటగడితే ఏమవుతుందో చూపించడానికే ఈ కథలు పుట్టాయి. వాడికి కావలసింది పనీపాటా.

(ముందే చెప్తున్నాను, కథలన్నీ చివరిదాకా చెప్పేస్తున్నాను. చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.)

అగ్ని సంగతి మొదట చూద్దాం. లోకమంతా మంచు కప్పేసింది, తిండి లేదు. కొంతమందికి పుట్టుకతో కొన్ని శక్తులుంటాయి. అగ్నికి తెగిన ఒళ్ళు మళ్ళీ మొలుస్తుంది. మొదటి అధ్యాయంలోనే చెల్లెలు లూనా గొడ్డలి పట్టుకుని అన్న చెయ్యి నరుకుతూ ఉంటుంది. ఎందుకంటే ఆ మాంసమే ఊళ్ళో ముసలివాళ్ళ ఆకలి తీరుస్తోంది. నరకడం, మొలవడం, మళ్ళీ నరకడం. ఇంత ఘోరమైన సీను చదువుతూ కూడా నాకు వాళ్ళిద్దరూ సుఖంగా ఉన్నట్టే అనిపించింది. రోజూ చెయ్యాల్సిన పని ఉంది, తినేవాళ్ళు ఎదురుగా ఉన్నారు. ఈ మాటంటే మా వాడు నవ్వాడు. నవ్వనీ, మళ్ళీ ఇక్కడికే వస్తాం.

తర్వాత డోమా అనే సైనికుడు ఆ ఊరికొస్తాడు. ఇళ్ళలో మనిషి మాంసం చూసి వీళ్ళు నరమాంసం తినేవాళ్ళని తేల్చేసి ఊరిని తగలబెడతాడు. అతని మంటకు ఒక గుణం ఉంది. అంటుకున్నది పూర్తిగా బూడిదయ్యేదాకా ఆరదు. అగ్ని ఒళ్ళు మొలవడం ఆగదు. మంట ఆరదు, మనిషి బూడిద కాడు. లూనా కాలిపోతూ చెప్పిన మాట "బతుకు". ఆ ఒక్క మాట పట్టుకుని అతను ఎనిమిదేళ్ళు నొప్పితో మెలికలు తిరుగుతూ మంటను అదుపు చెయ్యడం నేర్చుకుంటాడు. లేచి నిలబడ్డాక ఒకటే లక్ష్యం, డోమాను చంపాలి.

చివరికి డోమా దొరుకుతాడు. ఎలా దొరుకుతాడు? చేసిన పాపానికి కుమిలిపోతూ, ఎక్కడో అనాథ పిల్లల్ని సాకుతూ, వాళ్ళకి మంచీచెడూ చెప్పుకుంటూ. అగ్ని మొదట వదిలేద్దామనే అనుకుంటాడు. అంతలో లోపల ఏదో తెగిపోతుంది. చంపేస్తాడు. ఆ మంట పిల్లలున్న ఇంటికి కూడా అంటుకుంటుంది. పిల్లల్ని బయటికి లాగడానికి అల్లాడిపోతాడు గానీ, మండుతున్న చేతులతో ఎవరిని పట్టుకుని కాపాడగలడు?

నేనక్కడ ఫోను పక్కన పెట్టేశాను. లక్ష్యం నెరవేరింది. నెరవేరిన మర్నాడు కూడా తెల్లారింది. అసలు చిక్కు అదే. నీకూ నాకూ అయితే లక్ష్యం ముందు అయిపోతుందో మనం ముందు అయిపోతామో అన్న పందెం ఒకటుంటుంది. ఆ టెన్షన్‌తోనే జీవితం గడిచిపోతుంది. ఇల్లు కట్టాలి, అమ్మాయి పెళ్ళి చెయ్యాలి, లోను తీర్చాలి అనుకుంటూనే అరవై దాటిపోతాం. చావులేనివాడికి ఆ పందెమే లేదు. ఏ లక్ష్యమైనా అతనికంటే ముందే అయిపోతుంది. లెక్క అంతే.

ఫుజిమోతోకి ఇది బాగా తెలుసని నా నమ్మకం. అందుకే మిగతా చావులేనివాళ్ళకి ఆయన ఇచ్చిన లక్ష్యాలు చూడండి. వేల ఏళ్ళ నుంచి బతుకుతున్న సుల్యా అనే ఆవిడ భూమిని మళ్ళీ వెచ్చగా, పాత కాలంలా చెయ్యాలని పెద్ద పథకమే వేస్తుంది. ఎందుకమ్మా అంటే, 'స్టార్ వార్స్' కొత్త భాగం చూడాలట! ఇక్కడ నవ్వు రానివాళ్ళు ఈ మాంగా చదవకపోయినా నష్టం లేదు. ఆ నవ్వు ఆగాక మాత్రం గుండె గుబేలుమంటుంది. అంతకాలం బతికితే ఎవరికైనా చివరికి మిగిలేది అదేనేమో. నచ్చిన సీరియల్లో తర్వాతి ఎపిసోడ్.

తోగాతా అని ఇంకొకరున్నారు, మూడువందల ఏళ్ళ మనిషి. సినిమాలంటే పిచ్చి. అగ్ని పగ కథనే సినిమాగా తీస్తానని కెమెరా పట్టుకుని వెంటపడతాడు. పైకి చూస్తే వెకిలి మనిషి. అతని అసలు బాధ చాలా ఆలస్యంగా బయటపడుతుంది. అతను లోపల మగవాడు, ఒళ్ళు ఆడమనిషిది. అతనికున్న శక్తి కూడా తెగింది మొలవడమే కాబట్టి, ఆ ఒళ్ళును ఎంత మార్చుకోవాలన్నా అది మళ్ళీ పాత రూపానికే వచ్చేస్తుంది. చిరాయువు అంటే వరం అనుకునేవాళ్ళందరికీ ఈ ఒక్క పాత్ర చాలు. ఆగని మరమ్మతు అది. నీకు నచ్చని ఇంటిని నువ్వెన్నిసార్లు కూలగొట్టినా రాత్రికి రాత్రే ఎవరో మళ్ళీ అలాగే కట్టేసి పోతున్నట్టు. ఎనిమిది వాల్యూముల్లో నాకు నచ్చిన మనిషి ఇతనొక్కడే. అతనికి లక్ష్యం లేదు, సినిమా తీసే పని ఉంది. అతను పోయాక కథ కూడా కాస్త కుంటుతుంది. ఆఖరి రెండు వాల్యూములూ నాకు చేతికందని గాలిపటంలా అనిపించాయి. మా వాడికి అవే ఇష్టం.

ఇక్కడ మా వాడు ఒక మంచి పాయింటే లాగాడు. "మన అశ్వత్థామ ఉన్నాడుగా, మూడువేల ఏళ్ళు తిరగమని శాపం. అతనికి లక్ష్యం లేదా?" అని. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' అప్పుడు ఫ్రెష్‌గా ఉంది అందరి బుర్రల్లో. ఎండిపోయిన లోకం, మిగిలిన కాశీ, అందులో తలకు గాయంతో అమితాబ్. నిజమే, చావులేనివాణ్ణి లోకం చివర నిలబెట్టి చూపించే పని మన తెలుగు సినిమా కూడా చేసింది.

కానీ తేడా చూడండి. మనవాడికి డ్యూటీ వేసి మరీ పంపారు. శపించింది కృష్ణుడే, ఆ సినిమాలో విమోచనం ఎప్పుడో చెప్పిందీ ఆయనే. గర్భంలో ఉన్న బిడ్డను చంపబోయినవాడు, రేపు ఇంకో గర్భాన్ని కాపాడాలి. అంటే అది శిక్ష, శిక్షకు చివర విడుదల తేదీ ఉంది. జైల్లో ఉన్నవాణ్ణి పట్టుకుని నీ జీవిత లక్ష్యం ఏమిటని అడుగుతామా?

మన చిరంజీవుల జాబితా అంతా ఇలాగే ఉంటుంది. అందరికీ ఏదో ఒక అపాయింట్‌మెంట్. బలి చక్రవర్తి రాబోయే మన్వంతరంలో ఇంద్రపదవి కోసం ఆగి ఉన్నాడు. హనుమంతుడిది ఒక్కటే వేరు. రాముడి కథ లోకంలో చెప్పుకున్నంత కాలం బతకాలని తనే అడిగి తీసుకున్నాడు. ఎక్కడ చెప్పుకుంటే అక్కడికి వచ్చి చేతులు జోడించి వింటాడు. అయిపోయే పని కాదది. ఏడుగురిలో వీధివీధికీ గుడి ఎవరికుందో వేరే చెప్పనక్కరలేదు. ఇంకో సంగతి. మన పెళ్ళి శుభలేఖల్లో ప్రతి పెళ్ళికొడుకూ "చి."యే, అయినా ఆశీర్వదించేటప్పుడు మాత్రం "నూరేళ్ళు చల్లగా ఉండు" అని లెక్క కట్టే ఇస్తాం. పెద్దవాళ్ళకి తెలుసు.

జపాన్ మాంగాలో కూడా మొదట్లో ఇలా డ్యూటీ వేసే పద్ధతే ఉంది. ఒసాము తెజుకా 'ఫీనిక్స్'లో 'భవిష్యత్తు' అనే భాగం 1967, 68ల్లో వచ్చింది. కథాకాలం క్రీ.శ. 3404. మనుషులు భూమి లోపల ఐదు నగరాల్లో బతుకుతుంటారు, నిర్ణయాలన్నీ కంప్యూటర్లవి. రెండు నగరాల కంప్యూటర్లకు మాట తేడా వస్తుంది. యుద్ధమే సరైనదని అవి లెక్క తేల్చేస్తాయి. ఐదు నగరాలూ పేలిపోతాయి. అరవై ఏళ్ళ కిందట గీసిన ఈ పేజీలు ఇప్పుడు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. 1945 జూన్‌లో ఒసాకా మీద బాంబులు పడినప్పుడు కింద ఉన్న కుర్రాళ్ళలో తెజుకా ఒకడు. నగరం ఎలా కాలుతుందో ఎవరూ ఆయనకు చెప్పాల్సిన పనిలేదు.

మిగిలింది మసాతో అనే యువకుడు. ఫీనిక్స్ పక్షి అతనికి చావు లేకుండా చేసి, భూమ్మీద జీవం మళ్ళీ పుట్టి పెరిగేదాకా కాపలా ఉండమంటుంది. అందరూ పోయాక అతనికి ఒక పెట్టె దొరుకుతుంది. లోపల ఒక మనిషి గడ్డకట్టించిన నిద్రలో ఉన్నాడు, ఐదువేల ఏళ్ళకు లేస్తాడు. మసాతో ఆ పెట్టె పక్కనే కూర్చుంటాడు. ఒక మనిషితో మాట్లాడాలన్న ఆశతో ఐదువేల ఏళ్ళు. గడువు తీరాక తెరిస్తే లోపల దుమ్ము.

మాంగా మొత్తంలో నాకు తెలిసిన అతి క్రూరమైన పేజీ ఇదే. ఫుజిమోతో మంటలు దీని ముందు ఎందుకూ పనికిరావు. అయితే ఒకటి గమనించండి. ఆ ఐదువేల ఏళ్ళూ మసాతోకి పిచ్చెక్కలేదు. ఎదురుచూడటం ఒక పనే. పెట్టె తెరిచిన క్షణం నుంచే అతను కూలిపోవడం మొదలైంది. తర్వాత సముద్రంలో జీవానికి బీజం వేస్తాడు, కోట్ల ఏళ్ళు గడుస్తాయి, అతని ఒళ్ళు కూడా రాలిపోయి చూపు మాత్రం మిగులుతుంది. ఈసారి తెలివి పట్టేది నత్తల్లాంటి జీవులకి. వాటికీ నాగరికత, వాటికీ యుద్ధం, వాటికీ అంతం. చివరికి మళ్ళీ మనుషులు. చావు లేకుండా చేసే ఆ పక్షి వెంటే మళ్ళీ వేట. ఇంత పెద్ద లక్ష్యం నెరవేరాక మసాతో ఏం చూశాడు? మొదటి పేజీ.

మా వాడు ఇక్కడ 'బ్లేమ్!' తెచ్చాడు. త్సుతోము నిహెయ్ 1997 నుంచి 2003 దాకా గీసిన పది వాల్యూములు. యంత్రాలు ఆపేవాడు లేక నగరాన్ని కట్టుకుంటూనే పోతున్నాయి. పైకి, కిందకి, అన్ని వైపులకి. ఒకచోట గురుగ్రహం పట్టేంత ఖాళీ గది వస్తుంది. కిల్లీ అనేవాడు ఈ నగరంలో ఒక జన్యువు ఉన్న మనిషి కోసం నడుస్తూ ఉంటాడు. ఆ మనిషి దొరికితే యంత్రాలను ఆపమని చెప్పొచ్చు. "చూశావా, పదివాల్యూములూ ఒకే లక్ష్యం, ఎన్ని వందల ఏళ్ళు గడిచాయో లెక్కే లేదు, వాడికి పిచ్చెక్కలేదు. నీ థియరీ పాయె" అన్నాడు.

రెండ్రోజులు ఆలోచించాను దీని గురించి. చివరికి నాకనిపించింది ఇదీ. కిల్లీ అసలు ఆ లక్ష్యం గురించి మాట్లాడడు. అసలు మాటే అరుదు. పేజీల తరబడి మెట్లు, గొట్టాలు, వంతెనలు, వాటి మధ్య చీమంత మనిషి. కట్టడాల చదువూ పనీ తెలిసిన నిహెయ్ గోడల్ని మనుషుల కంటే ప్రేమగా గీస్తాడు. ఆఖరి పేజీల్లో కిల్లీ పక్కన మాస్కు పెట్టుకున్న ఒక చిన్నబిడ్డ ఉంటుంది. అతను ఇంకా నడుస్తూనే ఉంటాడు. లక్ష్యం పేరుకే ఉంది, అతను చేస్తున్నది నడక. కావిడి మోసేవాడికి కొండ ఎంత ఉందో తెలియనక్కరలేదు. మా వాడు దీనికి ఒప్పుకోలేదు. "నీకు కావలసినట్టు తిప్పుకుంటున్నావు" అన్నాడు. కొంచెం నిజమే కావచ్చు.

మా నానమ్మ గురించి చెప్పకపోతే ఇదంతా నేనెందుకింత మొండిగా వాదిస్తున్నానో అర్థం కాదు.

ఆవిడ తొంభై మూడేళ్ళు బతికింది. తాతయ్య పోయిన ముప్పై ఏళ్ళకు పోయింది. పిల్లల్లో ఇద్దరు ఆవిడ కళ్ళముందే వెళ్ళిపోయారు. వీధిలో ఆవిడను "ఏమే" అని పిలిచే మనిషి ఒక్కరు కూడా మిగల్లేదు. "నా చీటీ చిత్రగుప్తుడు ఎక్కడో పారేసుకున్నాడురా" అనేది. జోక్ కాదది. అలా అన్నప్పుడు ముఖంలో నవ్వు ఉండేది కాదు.

ఎనభై దాటాక లక్షవత్తుల నోము పట్టింది. లక్ష వత్తులూ తనే చేస్తానంది. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి, ఒళ్ళో గింజ తీసిన పత్తి. చిన్న గిన్నెలో పాలు. రెండు వేళ్ళు పాలల్లో తడిపి పత్తిని లాగి, మెలిపెట్టి, పువ్వొత్తి కొసను సూదిలా తేల్చేది. చూపు ఆనకపోయినా వేళ్ళకు తెలిసేది. నూరు కాగానే దారంతో కట్ట. కట్టలన్నీ పాత బిస్కెట్ డబ్బాల్లోకి. మేం వచ్చినా, టీవీ పెట్టినా, చావు కబురు వచ్చినా ఆ వేళ్ళు ఆగేవి కావు. నాలుగేళ్ళు పట్టింది. ఓ కార్తీకమాసంలో నోము తీర్చారు. పెద్ద మూకుళ్ళలో నెయ్యి పోసి అన్నీ ఒక్కసారే వెలిగించారు. గంటన్నరలో అయిపోయింది నాలుగేళ్ళ పని.

ఆ తర్వాత వారం రోజులు ఆవిడ మనిషి కాదు. అన్నం సరిగ్గా తినలేదు. పడుకుని కప్పుకేసి చూస్తుండేది, బొటనవేలూ చూపుడువేలూ మాత్రం గాల్లో ఏదో మెలిపెడుతూ ఉండేవి. "పుణ్యం వచ్చింది కదే, ఇంకేంటి" అన్నాడు మా నాన్న. ఎనిమిదో రోజు పొద్దున్నే నన్ను పిలిచి పత్తి తెమ్మంది.

"మళ్ళీ ఎవరికే?"

"ఎవరికో ఒకరికి. కరెంటు పోయినా పనికొస్తాయి."

అగ్ని డోమాను చంపిన పేజీ దగ్గర నాకు గాల్లో తిరిగిన ఆ రెండు వేళ్ళు గుర్తొచ్చాయి.

అందుకే నా ఓటు ఆల్ఫాకి. హితోషి అషినానో గీసిన 'యొకోహామా కైదాషి కికో'. 1994 నుంచి 2006 దాకా పద్నాలుగు వాల్యూములు. పేరుకు అర్థం "యొకోహామాకి సరుకులకెళ్ళిన కబుర్లు". విచిత్రమేమిటంటే 'బ్లేమ్!' వచ్చిన ఆఫ్టర్‌నూన్ పత్రికలోనే, కొన్నేళ్ళు పక్కపక్కనే వచ్చింది ఇదీ. ఒకే పత్రికలో ఒకరు లోకం అంతాన్ని ఇనుముతో కట్టారు, ఇంకొకరు సాయంత్రం ఎండతో కట్టారు.

సముద్రం పైకొచ్చేసింది. తీరపు ఊళ్ళు మునిగాయి. మనుషులు తగ్గిపోతున్నారు, ఎవరూ గోల పెట్టడం లేదు. ఎందుకిలా అయిందో అషినానో చెప్పడు. మియురా ద్వీపకల్పం మీద ఒక చిన్న కాఫీ కొట్టు, దాన్ని నడిపే ఆల్ఫా ఒక రోబో. వయసు రాదు. యజమాని ఎప్పుడో ఊరు తిరగడానికి వెళ్ళాడు, ఇంకా రాలేదు. కొట్టుకు కొన్ని రోజులు ఒక్కరూ రారు. వచ్చినా పెట్రోలు బంకు ముసలాయన, తకాహిరో అనే కుర్రాడు, ఇంకొకరిద్దరు. కాఫీ గింజలు అయిపోతే స్కూటరేసుకుని యొకోహామా వెళ్తుంది. ఖాళీగా ఉంటే గెక్కిన్ వాయించుకుంటుంది. అది గుండ్రటి తీగవాద్యం. పనీ ఉంది, పాటా ఉంది. మన భాష ఆ రెండిటినీ ఊరికే జంట చెయ్యలేదు.

ఒక బొమ్మ నాకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. రాత్రి, కొండ మీది నుంచి కిందికి చూస్తే సముద్రం. మునిగిపోయిన ఊరి వీధిదీపాలు నీళ్ళ అడుగున వెలుగుతున్నాయి, వరసగా. నడిచేవాళ్ళు లేని రోడ్లకు దీపాలు. అషినానో దాన్ని విషాదంగా గీయలేదు. ఆల్ఫా కూడా ఏడవదు, చూస్తుందంతే.

ఇది అంతా బాగుందనే కథ కాదు. తకాహిరో ఆల్ఫా చేతుల మీదే పెరుగుతాడు, ఆమె భుజం దాటి పొడుగవుతాడు, పనికోసం హమమాత్సు వెళ్ళిపోతాడు. ఆల్ఫా మాత్రం అలాగే ఉంటుంది. ముసలాయన ఇంకా ముసలాయన అవుతాడు. తుఫానొచ్చి కొట్టు కూలిపోతే ఆల్ఫా ఒక ఏడాది ఊళ్ళు తిరిగి పనులు చేసి డబ్బులు పోగేసుకొచ్చి మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ ఏడాదిలో కూడా ఆమె నోట నేనెందుకు బతకాలి అనే ప్రశ్న రాదు. కొట్టుకు పైకప్పు వేసే పని ఉంది కదా.

"రోబో కాబట్టి చెల్లింది. దాని ప్రోగ్రామే అంత" అంటాడు మా వాడు. కావచ్చు. అయితే అగ్నికి కూడా "బతుకు" అనే ఒక్క లైను ప్రోగ్రామే కదా రాసి పెట్టింది చెల్లెలు? అది ఎనిమిది వాల్యూముల పాటు అతన్ని కాల్చింది. ఏం చేస్తూ బతకాలో ఆ లైనులో లేదు మరి. చెయ్యి నరికించుకుని ఊరికి అన్నం పెట్టిన రోజుల్లో ఆ ప్రశ్నే రాలేదు అతనికి.

మొన్న సంక్రాంతికి కలిసినప్పుడు మా వాడికి ఆల్ఫా మొదటి వాల్యూము చేతిలో పెట్టాను. బెంగళూరు రైలెక్కిన రెండు గంటలకు మెసేజ్ వచ్చింది. "అన్నయ్యా, యాభై పేజీలయ్యాయి, ఏమీ జరగట్లేదేంటి?"

రెండో వాల్యూములో కూడా జరగదని చెప్పాను. తిట్టాడు. ఇప్పుడు ఐదోదాంట్లో ఉన్నాడు.